నీళ్ళలో నానిన వేలు

మనిషి నీళ్ళలో పడి కొన్ని రోజులు ఉండిపోతే, చేతి మీది తోలు తొడుగులా ఊడి వస్తుంది. ఒక్కోసారి గోళ్ళతో సహా వస్తుంది. దాన్ని మెల్లగా కడిగి, ఆరబెట్టి, వేలిముద్రల నిపుణుడు రబ్బరు తొడుగు వేసుకున్న తన వేలికి తొడుక్కుంటాడు. సిరా అద్ది కాగితం మీద దొర్లిస్తాడు. పోయినవాడి ముద్రను బతికున్నవాడి వేలు వేస్తుందన్నమాట. పెళ్ళయిన కొత్తలో ఈ సంగతి అత్తగారింట్లో గొప్పగా చెప్పాను. ఆ పూట మా అత్తగారు నా చేతి వైపు చూడకుండా అన్నం వడ్డించారు.

ఏలూరులో నా ఉద్యోగమంతా ఇదే. దొంగలు పడ్డ ఇంటికి వెళ్ళి బీరువా తలుపు మీద పొడి చల్లడం, గాజు గ్లాసును వెలుతురుకు వాలుగా పట్టి చూడటం, దొరికిన ముద్రను పాత నేరస్తుల చీటీలతో పోల్చడం. నా సర్వీసులో ఎక్కువ భాగం భూతద్దం మీద వంగి గడిచిపోయింది. ప్రమోషన్లు, బదిలీలు అందరికీ ఉండేవే, వాటి జోలికి పోను.

ఈ మధ్య ఈ ఉద్యోగానికి ఎంపికైన ఒక అమ్మాయి మా ఇంటికి వచ్చింది. "ఇప్పుడంతా కంప్యూటరే చూస్తుందటగదండీ, మేం చేసేదేముంటుంది?" అని అడిగింది. కంప్యూటర్ పోలిక ఉన్నవాళ్ళను వరసగా చూపిస్తుందమ్మా, వాళ్ళలో 'ఇతనే' అనే మాట ఇప్పటికీ మనిషే అనాలి అన్నాను. ఆ మాట నేనొకసారి తప్పుగా అన్నాను. ఆ సంగతి ఆ అమ్మాయితో ఆ రోజు నోరు విప్పి చెప్పలేకపోయాను. అందుకని ఇది రాస్తున్నాను.

పుట్టిల్లు కలకత్తా

వేలిముద్రలనగానే అందరికీ లండన్ గుర్తొస్తుంది. నిజానికి నేరస్తుల్ని పోల్చడానికి ప్రపంచంలో మొట్టమొదటి వేలిముద్రల ఆఫీసు తెరిచింది కలకత్తాలో. అంతకు చాలా ముందే బెంగాల్లో ఒక తెల్లదొర, రోడ్డు సామాను సరఫరా చేసే కాంట్రాక్టరు చేత ఒప్పంద పత్రం మీద అరచేతి ముద్ర వేయించాడు. శాస్త్రం తెలిసి కాదు. రేపు ఆ సంతకం నాది కాదని బుకాయిస్తాడేమో, చెయ్యి అంటిస్తే భయం ఉంటుంది కదా అని. భయపెట్టడానికి చేసిన పని అలా అలా శాస్త్రమైంది. ఆ తరవాత వేల చీటీల్లోంచి కావలసిన ఒక్క చీటీని వెతికి తీసే లెక్కను తయారుచేసింది కలకత్తా ఆఫీసులోని ఇద్దరు మన దేశస్తులు. పేరు మాత్రం వాళ్ళ పై అధికారికి పోయింది. ఇప్పటికీ పుస్తకాల్లో ఆయన పేరే ఉంటుంది.

ఈ కథలన్నీ మాకు చెప్పింది రహీం సారు. నాకు పని నేర్పింది ఆయనే. ఏలూరులో తివాచీలు నేసే ఇంట్లో పుట్టారు. "మా నాన్న ఎవరి తివాచీ చూసినా ముందు తిరగేసి చూసేవారోయ్. పై వైపు రంగులుంటాయి, ముడులన్నీ వెనకే ఉంటాయి" అనేవారు. ఆయన చెప్పిన కథల్లో నాకు బాగా నచ్చింది బెంగాల్ తేయాకు తోట హత్య. తోట మేనేజరును ఎవరో రాత్రి పూట చంపి డబ్బు పట్టుకుపోయారు. అక్కడ దొరికిన పంచాంగం అట్ట మీద నెత్తుటి వేలిముద్ర ఒకటుంది. చీటీలు వెతికితే అది పాత నౌకరు ముద్రేనని తేలింది. కోర్టు అతనికి దొంగతనానికి శిక్ష వేసింది గానీ హత్యకు వెయ్యలేదు.

"న్యాయమా అన్యాయమా?" అని అడిగారు రహీం సారు.

అన్యాయమని అందరం ఒక్కసారే అరిచాం.

"ఆ వేలు ఆ పంచాంగాన్ని ముట్టుకుందని చెప్పడం వరకే మన పని. అది కత్తి పట్టిందో లేదో మనకేం తెలుసు? తెలీంది తెలిసినట్టు మాట్లాడారో, మీ బతుకు తెల్లారినట్టే."

అర్జెంటీనాలో ఒక తల్లి తన పిల్లలిద్దర్నీ చంపి పొరుగువాడి మీదికి తోసేస్తే, తలుపు మీది నెత్తుటి ముద్ర ఆమెను పట్టించింది. ఆస్ట్రేలియాలో చెట్ల మీద బతికే కొవాలా అనే జంతువు వేలిగీతలు చూస్తే మనిషివేమోనని నిపుణులే తడబడతారు. చైనాలో పూర్వం మట్టి ముద్రల మీద బొటనవేలు నొక్కేవాళ్ళు. కాలేజీలవాళ్ళు ఉపన్యాసానికి పిలిస్తే ఇవన్నీ చెప్పి చప్పట్లు కొట్టించుకునేవాణ్ణి. రామకోటి సంగతి మాత్రం ఏ సభలోనూ ఎత్తలేదు.

తాడేపల్లిగూడెం ఉల్లిపాయల కొట్టు

దానికి ముందు చిన్న తప్పు ఒకటి చెప్పాలి. తాడేపల్లిగూడెంలో ఒక హోల్‌సేల్ ఉల్లిపాయల కొట్టులో దొంగలు పడ్డారు. గల్లా పెట్టె పక్కన అద్దం మీద చక్కటి ముద్ర దొరికింది. అంత శుభ్రమైన ముద్ర దొరికితే మాకు పండగే. పాత నేరస్తుల చీటీలన్నీ తిరగేశాను. దొరకలేదు. కొట్టులో పనిచేసే హమాలీలందరి వేళ్ళకూ సిరా పూశాను. వాళ్ళు ఒకళ్ళనొకళ్ళు వెక్కిరించుకుంటూ వచ్చి వేసి వెళ్ళారు. వాళ్ళెవరివీ కావు. చివరికి కొట్టు యజమాని మెల్లగా దగ్గరకొచ్చాడు.

"ఏవండీ, ఒక్క మాట. మొన్న ఎస్సై గారొచ్చినప్పుడు ఆ అద్దంలో చూసుకుని మీసం దువ్వుకున్నారండి. అద్దం వంకరగా ఉందని ఆయనే సరిచేశారు."

ఎస్సై గారు చాలా మంచివాడు. తనే వచ్చి చెయ్యి చాపి, "వేసుకోండి సార్, నన్ను కూడా లోపలెయ్యండి" అన్నాడు. ముద్ర ఆయనదే. అందరం నవ్వుకున్నాం. చిన్నవాళ్ళు గుర్తుంచుకోవలసిందేమిటంటే, నేర స్థలంలో ముందుగా తీసుకోవలసినవి మన పోలీసుల ముద్రలు, ఆ తరవాత ఇంట్లోవాళ్ళవి. దొంగది చివర్లో.

ఈ తప్పు వల్ల ఎవరికీ నష్టం జరగలేదు. అలాంటి తప్పు మనిషిని బాగుచెయ్యదు. నా మీద నాకు నమ్మకం కాస్త పెరిగింది కూడా. చూశారా, అంత మంది పోలీసులున్నా నిజం నేనే తేల్చాను అనుకున్నాను.

పేరు మీద అట్టముక్క

కొల్లేరు సరస్సులో ప్రభుత్వం చేపల చెరువుల గట్లు కొట్టేసిన తరవాతి మాట. చెరువుల మీద బతికే వాళ్ళు పనుల్లేక తలో దారీ పట్టారు. మా జిల్లా వైపు లంక ఊళ్ళో రామకోటి అనే అతను చెరువు కాపలా చేసేవాడు. భార్య పేరు నాగరత్నం. పని పోయాక ఇంట్లో గొడవపడి, "ఎక్కడో అక్కడ పని వెతుక్కుంటా" అని వెళ్ళిపోయాడు. నెలలు గడిచినా కబురు లేదు. అన్న సత్తియ్య స్టేషనులో ఫిర్యాదు ఇచ్చాడు.

ఆ తరవాత కొల్లేట్లో గుర్రపుడెక్క కింద ఒక శవం చిక్కింది. ముఖం పోల్చుకునే స్థితిలో లేదు. ఒంటి మీద గళ్ళ చొక్కా ఉంది. సత్తియ్య చొక్కా చూసి గుండెలు బాదుకున్నాడు. "మా తమ్ముడిదేనండి. సంతలో ఇద్దరం ఒకే తానులోది కుట్టించుకున్నామండి" అన్నాడు. రామకోటి సారా నిషేధం రోజుల్లో సారా మోస్తూ దొరికి శిక్షపడ్డవాడు కాబట్టి, అతని పది వేళ్ళ ముద్రల చీటీ మా దగ్గర ఉంది. శవం చేతి తోలు, ఆ చీటీ రెండూ ఏలూరు ఆసుపత్రి మార్చురీ పక్క గదిలో నాకిచ్చిన బల్ల మీదికి వచ్చాయి.

రహీం సారుకు ఒక అలవాటుండేది. చీటీ చూసేముందు దాని మీది పేరును అట్టముక్కతో కప్పేసేవారు. "పేరు కనబడితే కన్ను పేరు వైపు నడుస్తుందోయ్" అనేవారు. నేనూ చాలాకాలం కప్పాను. అనుభవం వచ్చిందనుకున్నాక మానేశాను.

ఆ రోజు నా ముందు పేరు ఉంది, చొక్కా కథ ఉంది, బయట వరండాలో ఏడుస్తున్న మనుషులున్నారు. తోలును నా వేలికి తొడుక్కుని ముద్ర తీశాను. నానిన తోలు కదా, సగం గీతలు చెదిరాయి. కుడి చూపుడువేలు ఒక్కటే కాస్త బాగా పడింది. రెంటిలోనూ సుడి ఒకేలా ఉంది. గీత చీలిన చోట్లు, ఆగిన చోట్లు కలుస్తున్నాయేమోనని వెతికితే ఆరు దొరికాయి. మా పద్ధతి ప్రకారం ఎనిమిదైనా కావాలి. ఒకచోట మాత్రం తేడా ఉంది. చీటీలో గీత రెండుగా చీలింది, శవం వేలి మీద చీలలేదు. నేర్చుకున్న మొదటి పాఠం ఏమిటంటే, వంద పోలికలున్నా సరే, కారణం చెప్పలేని తేడా ఒక్కటుంటే ఆ వేలు వేరే మనిషిది. నేను కారణం చెప్పేసుకున్నాను. నీళ్ళలో నానింది కాబట్టి అలా కనిపిస్తోందిలే అన్నాను. అలా అనుకున్నాక మిగతా రెండు పోలికలు కూడా కనిపించాయి. చెదిరిన చోట వెతికితే ఏదైనా కనిపిస్తుంది.

నాకన్నా గొప్పవాళ్ళూ ఈ గుంటలో పడ్డారు. దానికి కొంచెం ముందే, ఒక దేశంలో రైళ్ళలో బాంబులు పేలితే, అక్కడ సంచి మీద దొరికిన ముద్ర సముద్రానికి అవతలున్న ఒక వకీలుదేనని అమెరికాలో పేరుమోసిన నిపుణులు చెప్పారు. ఒకరు చూసి అవునన్నాక, మిగతావాళ్ళూ ఆ మాట తెలిసే చూశారు. అందరూ అవుననే అన్నారు. ఆ ముద్ర ఇంకెవరిదో. ఆ సంగతి చదివి నేను, అంత పెద్దవాళ్ళకి అంత నిర్లక్ష్యమేమిటా అనుకున్నాను. అనుకున్నవాణ్ణే ఈ పని చేశాను.

బయటికి వచ్చేసరికి వరండాలో నాగరత్నం గోడకు చేరబడి కూర్చునుంది. శవాన్ని ఆమెకు చూపించలేదు, ఆడవాళ్ళు చూసేలా లేదని సత్తియ్యే వద్దన్నాడు. నన్ను చూసి లేచింది.

"బాబుగారూ, అందరూ చొక్కా చూసి చెబుతున్నారండి. మీరు చదూకున్నోరు, యేలిముద్దర్లు చూశారంట. ఆయనేనాండి?"

"ఆయనేనమ్మా" అన్నాను.

ఆమె మళ్ళీ అడగలేదు. సత్తియ్య తలకొరివి పెట్టాడు. పెద్దకర్మ నాడు ఆమె గాజులు, పుస్తెలు తీశారు.

మీ శవం టీ తాగుతోందండి

కొన్నాళ్ళకు ఆ స్టేషను ఎస్సై ఫోన్ చేశాడు. కుర్రవాడు, హాస్యమెక్కువ.

"సార్, కూర్చున్నారాండీ? మీ శవం వచ్చి మా స్టేషన్లో టీ తాగుతోందండి. బిస్కెట్టు కూడా అడుగుతోంది."

రామకోటి ఒరిస్సా వైపు రొయ్యల చెరువులకు కాపలా వెళ్ళాడట. డబ్బు కూడగట్టుకుని, చేతిలో సంచీతో బస్సు దిగాడు. గట్టు మీద గేదెల్ని తోలుకెళుతున్న ముసలమ్మ అతన్ని చూసి గేదెల్ని వదిలేసి పరిగెత్తింది. ఇంటికి వెళితే తలుపులు మూసేశారు. దయ్యమని కాదు, దయ్యం భయం ఒక్క పూటలోనే పోయింది. ఊరివాళ్ళు చెప్పిందేమిటంటే, కర్మ జరిగిపోయిన మనిషి కాబట్టి ఈ గడప తొక్కకూడదు. తొక్కితే ఊరికి అరిష్టం.

నేను వెళ్ళి స్టేషన్లో అతని పది వేళ్ళూ వేయించాను. చీటీతో పోల్చాను. ఆ చూపుడువేలి మీద గీత చక్కగా రెండుగా చీలి ఉంది, చీటీలో ఉన్నట్టే. రామకోటి నా చేతుల వైపు చూస్తూ అన్నాడు: "నా తోలు తొడుక్కున్నది మీరేనాండి?"

"నీది కాదయ్యా" అన్నాను.

తప్పు నాదేనని పైకి రాసి పంపాను. శవం పరిస్థితి మీదికి తోసెయ్యవయ్యా అన్నారు ఒక పెద్దాయన. అలా రాయలేదు. ఇది గొప్పగా చెప్పడం లేదు, ఎందుకంటే ఆ తరవాత చెయ్యవలసినది చెయ్యలేదు. రాసి పంపాను కదా, నా బాధ్యత తీరింది అనుకుని ఇంట్లో కూర్చున్నాను.

ఎస్సై మళ్ళీ ఫోన్ చేశాడు. "సార్, వాడు దోనెలో పడుకుంటున్నాడండి. ఊరి గొడవ ఎలాగో తీరుద్ది. మొగుడూ పెళ్ళాల మధ్య చెడిందండి. శవాన్ని చూసి మొగుడో కాదో తెలీదా అని నలుగుర్లో అన్నాడంట. ఎప్పుడు పోతానా అని చూస్తున్నావన్నాడంట. ఆ అమ్మాయి పుట్టింటికి పోతానంటోంది. మీరొచ్చి ఒక్క మాట చెబితే..."

"రిపోర్టు కాపీ పంపిస్తానండి" అన్నాను.

నా భార్య సుశీల మిషన్ స్కూల్లో టీచరు. పక్క గదిలోంచి అంతా విని బయటికి వచ్చింది. "ఏవండీ, రిపోర్టు అక్కడెవరు చదువుతారండీ? ఆవిడ మీ రిపోర్టు చదివి గాజులు తీసిందా, మీ మాట విని తీసిందా?" అంది. మర్నాడు ఇద్దరం బయల్దేరాం. నన్ను ఒక్కణ్ణే పంపితే దారిలోంచి తిరిగొస్తానని ఆమెకు తెలుసు.

లంక ఊళ్ళో

రామాలయం అరుగు మీద పంచాయితీ. ఊరి పెద్ద సూరయ్య తాత మధ్యలో కూర్చున్నాడు. రామకోటి దూరంగా, వలలు ఆరేసే చోట నిలబడ్డాడు. నాగరత్నం ఆడవాళ్ళ మధ్య తల వంచుకుని ఉంది. నుదుట బొట్టు లేదు.

నేను లేచి చెప్పాను. శవాన్ని ఆమెకు చూపించలేదని, చొక్కా చూసింది సత్తియ్య అని, ఆయనేనని చెప్పింది నేనని. ఎనిమిది కావలసిన చోట ఆరే దొరికితే, లేని రెండూ నేనే కల్పించుకున్నానని. "ఆవిడ నన్ను నోరు తెరిచి అడిగిందండి. నేను అబద్ధం చెప్పలేదు. కానీ తెలీంది తెలిసినట్టు చెప్పాను. నమ్మడం తప్ప ఆవిడ చేసిన తప్పేమీ లేదు."

సూరయ్య తాత చుట్ట పక్కన పెట్టాడు.

"బాగానే ఒప్పుకున్నారండి. మరి ఈడి సంగతేంటి? ఏలూరు పంతులుగార్ని కనుక్కున్నాం. కర్మ అయినోడు మళ్ళీ పుట్టాలంటండి. పసిబిడ్డకి చేసినట్టు నీళ్ళు పొయ్యాలి, తేనె నాకించాలి, బారసాల చెయ్యాలి. పెళ్ళి కూడా మళ్ళీ చెయ్యాలి. పెళ్ళామెవరైనా పరవాలేదంట, పాతదైనా సరే."

ఆడవాళ్ళు కిసుక్కున నవ్వారు.

"చెయ్యండి మరి" అన్నాను.

"చెయ్యడానికి అమ్మా అయ్యా కావాలి కదండీ. ఈడి అమ్మా అయ్యా పోయారు. ఊళ్ళో ఎవరూ పీటల మీద కూకోం అంటున్నారు. కూకుంటే రేపు ఈడు కొడుకునంటాడు, చెరువులో వాటా అడుగుతాడని భయం."

"నేనెందుకడుగుతాను తాతా!" రామకోటి అక్కణ్ణుంచే అరిచాడు.

"నువ్వూరుకోరా, ఇంకా పుట్టలేదు నువ్వు." తాత నావైపు తిరిగాడు. "ఈణ్ణి చంపింది మీరే కదండీ. మీరూ అమ్మగారూ కూచుంటే సరిపోద్ది. మీ దగ్గర వాటాలేమీ ఉండవుగా."

"మేం క్రైస్తవులమండీ" అన్నాను.

"తెలుసండి. మీలో పెద్దోళ్ళని నీళ్ళలో ముంచి మళ్ళీ పుట్టిస్తారంటగా. మీకు అలవాటే."

ఈసారి మగవాళ్ళూ నవ్వారు. నేను సుశీల వైపు చూశాను. సంఘంలో ఏమంటారో, పాస్టరుగారు ఏమంటారో అని నా బుర్ర లెక్కలు వేస్తోంది. సుశీల మెల్లగా, నాకు మాత్రమే వినబడేలా అంది: "చావు చెప్పడానికి మతం అడ్డం రాలేదుగా మీకు."

పీటల మీద

ఆ వారమంతా ఏలూరు లైబ్రరీలో కూర్చున్నాను. పీటల మీద కూర్చోనని చెప్పడానికి ఏదో ఆధారం కావాలి. దొరికింది వేరే. పూర్వం గ్రీకు దేశంలో, పోయాడనుకుని కర్మ చేసినవాడు తిరిగివస్తే గుళ్ళోకి రానిచ్చేవారు కాదట. ఒకతను దేవుడి దగ్గరకు పోయి మొరపెట్టుకుంటే, పురిట్లో బిడ్డకు జరిగేవన్నీ చేయించుకోమని జవాబొచ్చిందట. అప్పుడు ఆడవాళ్ళు అతనికి నీళ్ళు పోసి, పొత్తిగుడ్డల్లో చుట్టి, చనుబాలు పట్టారట. రోములో అయితే అలాంటివాణ్ణి వాకిట్లోంచి రానివ్వరు. కప్పు ఎక్కి లోపలికి దిగాలి. కొల్లేరుకు, ఆ సముద్రాలకు ఏం చుట్టరికం? నాకు తెలిసినంతలో ఏమీ లేదు. మనిషి చచ్చాడని అందరూ ఒప్పుకున్నాక, బతికున్నాడని ఒప్పుకోవడానికి ఎక్కడైనా ఇంత తంతు కావలసి వచ్చిందేమో. ఆ పుస్తకం మూసేసరికి నా భయం పోలేదు గానీ, వెళ్ళాలని కుతూహలం పుట్టింది.

ముహూర్తం నాడు నడివాకిట్లో గోచీతో రామకోటిని కూర్చోబెట్టి ముసలమ్మలు నీళ్ళు పోశారు. ఒకామె కాళ్ళు చాపి కూర్చుని, "ఒరేయ్, పసిబిడ్డవి కాళ్ళ మీద పడుకో" అంటే, "నా బరువుకి నీ కాళ్ళిరుగుతాయే అప్పా" అన్నాడు. నెత్తి మీద సాంబ్రాణి పొగ వేస్తుంటే దగ్గాడు. బిడ్డ ఏడవాలని పంతులుగారు చెబితే, ఎవరో వెనక నుంచి గిల్లారు. కేక పెట్టాడు. "మగబిడ్డ!" అని అరిచారు. అంత నవ్వులోనూ సుశీల పళ్ళెంలో బియ్యం పోసి సిద్ధంగా కూర్చుంది, నిజంగా పురుడు పోసుకున్నదానిలా.

"పాత పేరు పనికిరాదండి. దాంతో పిండాలు పెట్టేశారు" అన్నారు పంతులుగారు.

"రేషన్ కార్డులో పేరో?" అన్నాడు బిడ్డ.

నా పెళ్ళి ఉంగరం తీసి బియ్యంలో 'కోటేశ్వరరావు' అని రాశాను. కోటి అని పిలిస్తే పాతదానికీ కొత్తదానికీ సరిపోతుంది. అతని చెవిలో మూడుసార్లు చెప్పాలి. వంగితే రొయ్యల చెరువు వాసన, సాంబ్రాణి వాసన కలిసి వచ్చాయి. రెండోసారి చెప్పడానికి ఇంకా వంగాను. అతను తల కొంచెం నా వైపు వంచాడు, సులువుగా ఉంటుందని.

తరవాత పెళ్ళి. నాగరత్నాన్ని తీసుకొచ్చి కూర్చోబెట్టారు. పంతులుగారు పుస్తెలు అందించబోతుంటే ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"నాకో మాట ఉందండి."

"ఇప్పుడేంటే?" అన్నాడు కోటి.

"పోయినసారి నన్నెవరూ అడగలేదు, కట్టేశారు. ఈసారి అడిగి కట్టు."

"నలుగుర్లో ఏంటే ఇది!"

"నలుగుర్లోనే అన్నావుగా, నీ చావు కోసం చూస్తున్నానని. ఆ మాటా నలుగుర్లోనే వెనక్కి తీసుకో."

అరుగు మీద మగవాళ్ళు ఎవరి చుట్టలు వాళ్ళు చూసుకున్నారు. ఆమె లేచిపోతే ఇక రాదని అందరికీ తెలిసింది. కోటి చాలాసేపు చాప అంచు పీకుతూ కూర్చున్నాడు.

"తప్పయిపోయింది" అన్నాడు. "ఇన్నాళ్ళు కబురంపనోణ్ణి నేను. ఒక్క ఫోను చేసుంటే ఈ గొడవే లేదు. కోపమొచ్చి చెయ్యలేదు. నిన్నన్నది తప్పే."

"ఇప్పుడడుగు."

"కట్టనా?"

"కట్టు" అంది.

భోజనాలకు మమ్మల్ని పెళ్ళికొడుకు తల్లిదండ్రుల వరసలో కూర్చోబెట్టారు. కొరమేను పులుసు. పులుసు గిన్నె పట్టుకుని నాగరత్నమే వడ్డిస్తోంది. చేతుల నిండా మట్టిగాజులు. నా విస్తరి దగ్గర ఆగింది.

"మరి ఆ కాలిపోయినాయన ఎవరండీ?"

కర్మ రామకోటికి జరిగింది, కాలింది వేరే మనిషి. ఆ మనిషి కోసం ఎక్కడో ఎవరో ఇంకా గుమ్మంలోకి చూస్తూనే ఉండి ఉంటారు. తప్పిపోయినవాళ్ళ కాగితాలన్నిటితో ఆ ముద్రను అప్పటికే పోల్చాను. రిటైరయ్యే దాకా పోలుస్తూనే ఉన్నాను. ప్రతిసారీ పేరు మీద అట్టముక్క పెట్టి. ఇప్పటికీ దొరకలేదు.

"తెలీదమ్మా" అన్నాను.

ఆమె ఒక్క క్షణం నన్నే చూసింది. ముఖంలో కోపం లేదు.

"ఈ మాట ఆ రోజే అనుంటే ఎంత బాగుండేదండీ, మావయ్యగారూ" అంది. అని నా విస్తట్లో ఇంకో గరిటె పులుసు పోసింది.